పీఠం దిగిన మదనపల్లె బిడ్డ

శాంతిపురం, కుప్పం పల్లెల నుంచి బెంగళూరుకు కొలువులకు వెళ్లే యువతకు ఉద్యోగం మారాలన్నా, మానేసి సొంతంగా ఏదైనా పెట్టుకోవాలన్నా సలహా చెప్పే లైఫ్ కోచ్‌లు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతున్నారు. బతుకు మలుపు తిరిగేటప్పుడు తోడు కోరుకోవడం బలహీనత కాదు. ఆ తోడు ఎందాకా రావాలన్నదే ప్రశ్న. దానికి మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితాన్ని మించిన సాక్ష్యం నాకు కనబడదు. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఆ బాలుణ్ని చేరదీశారు. రాబోయే జగద్గురువుకు వాహకుడు ఇతడేనని నమ్మి 1911లో ఒక సంఘాన్నే నెలకొల్పారు. చదువు, ప్రయాణాలు, శిష్యులు, అన్నీ ఇతరులే అమర్చిపెట్టారు. 1925లో తమ్ముడు నిత్యానంద క్షయతో కన్నుమూశాడు. అతడు బతుకుతాడన్న కృష్ణమూర్తి నమ్మకం కూలిపోయింది. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో, వేలమంది అనుచరుల ఎదుటే, కృష్ణమూర్తి ఆ సంఘాన్ని రద్దు చేశారు. సంఘానికి వచ్చిన ఆస్తులను దాతలకు తిరిగి ఇప్పించారు.

గురువు వద్దన్న మనిషి 1986లో కన్నుమూసేదాకా ప్రసంగాలు ఎందుకు చేశారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆయన మాట్లాడారు, కానీ వినేవారి తరఫున నిర్ణయాలు తీసుకోలేదు. ఆయన ఆలోచనల మీద నడిచే రిషి వ్యాలీ పాఠశాలలోనూ ఉపాధ్యాయులు లెక్కలు నేర్పుతారు. విద్యకు గురువు కావాలి. మన సంప్రదాయం గురువుకు శరణాగతి చెప్పింది కదా అంటే, గీత చివరి అధ్యాయం చూడాలి. అంతా బోధించిన కృష్ణుడు, బాగా ఆలోచించుకుని నీకు తోచినట్టు చేయమని అర్జునుడికే వదిలాడు. తనను ఒక్కణ్నే శరణు వేడమన్న మాట ఆ తర్వాతే వస్తుంది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం మరొకటి. ఇంట్లో మొదటిసారి ఉద్యోగంలో చేరిన పిల్లవాడికి అడగడానికి అన్నయ్యో మామయ్యో ఉండరు, అతణ్ని ఒంటరిగా ఆలోచించుకోమనడం క్రూరం కాదా? అవును, క్రూరమే. ఏ కోర్సు పనికొస్తుంది, చేతిలో ఎన్ని నెలల ఖర్చుకు డబ్బుండాలి, కట్టాల్సిన కంతుల సంగతేమిటి, ఇవన్నీ తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. అయితే కొలువు వదలాలనిపించడం వెనక ఉన్నది ఆసక్తా, పై అధికారి మీద కోపమా, పక్కవాడి జీతం చూసి కలిగిన అసూయా అన్నది ఇంకొకరు చూసిపెట్టలేరు. అందుకే ఫీజు కట్టేముందే కోచ్‌ను అడగాలి: మీ అవసరం నాకు ఎప్పటికి తీరుతుంది?