రాలు ఆకులను చూడబోవుట వ్యర్థమా?

మన సంఘముల బిడ్డలనేకులు నేడు అమెరికా దేశములో పనిచేసికొని బ్రదుకుచున్నారు. వారిని చూడబోయిన తలిదండ్రులు అక్టోబరు నెలలో ఒక వింతమాట విందురు: "అమ్మా, రెండు దినములు సెలవు పెట్టితిని, ఆకులు చూడబోదము." రాలిపోవు ఆకులకొరకు కారులో అంతదూరము పోవుదురా? ఆ పెట్రోలు డబ్బుతో ఊరిలో ఇంటికప్పు బాగుచేయించవచ్చునుగదా యని మన తల్లులకు తోచుట సహజమే. పొలము, కూలి, పెండ్లి, ఆసుపత్రి, వీటికొరకు తప్ప ఊరు దాటని వారికి పనిలేని ప్రయాణము నేరమువలె కనబడును. ఈ ప్రశ్న నవ్వి విడువదగినది కాదు గనుక మేము దీనిని నెమ్మదిగా ఆలోచింప గోరుచున్నాము.

మొదట ఆ ఆకులలో చూడవలసినదేమో తెలిసికొందము. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ మొదలైన ఈశాన్య రాష్ట్రములలో కొండలనిండ మేపుల్, బర్చ్, ఓక్ చెట్లున్నవి. పగళ్లు తగ్గి రాత్రులు చల్లబడగానే ఆకులోని పచ్చదనము క్షీణించును. అప్పుడు వేసవియంతయు దానిక్రింద దాగియున్న పసుపు, నారింజ వన్నెలు బయలుపడును. ఎరుపు మాత్రము చాలవరకు ఆ దినములలోనే ఆకునందలి చక్కెరనుండి క్రొత్తగా పుట్టును. ఆకు తొడిమ మొదట ఒక పొర ఏర్పడి దానిని విడిపించును. వచ్చు వసంతమునకు కావలసిన మొగ్గలు అప్పటికే కొమ్మలపై నుండును. మన మామిడి లేతచిగురునందలి ఎరుపును ఆ జాతి వన్నెయే. మనకు పుట్టుకలో కనబడునది వారికి రాలుటలో కనబడుచున్నది.

అయితే ఈ వన్నెకు ఏటేట ఒక తేదీ లేదు. ఉత్తరమునను ఎత్తైన కొండలపైనను ముందుగా, దక్షిణమునను లోయలలోను ఆలస్యముగా వచ్చును. పగలు ఎండగాసి, రాత్రి మంచు గట్టనంత చలియున్న యేట ఎరుపు మిక్కిలి ప్రకాశించును. ఒక్క గాలివాన వచ్చెనా, కొమ్మలు బోడియగును. గదులు మాత్రము నెలల ముందే మాట్లాడుకొనవలెను. రాదగినదో లేదో తెలియని దానికొరకు మనుష్యుడు ఎట్లు ఏర్పాటు చేసికొనవలెను? అసలు ప్రశ్న ఇదియేయని మాకు తోచుచున్నది.

యాకోబు తన పత్రిక 4వ అధ్యాయములో, రేపు ఫలాని పట్టణమునకు పోయి లాభము గడింతుమని పలుకువారిని గద్దించెను. ఆయన ప్రయాణమును తప్పుపట్టలేదు, రేపు తమ చేతిలో నున్నట్లు పలుకు గర్వమును తప్పుపట్టెను. దీనితోకూడ లేవీయకాండము 19వ అధ్యాయములోని కోతకాలపు ఆజ్ఞను తలంచుడి. పొలపు ఓరలను పూర్తిగా కోయక బీదలకును పరదేశులకును విడువవలెనని అచ్చట నున్నది. ఓర విడిచిన రైతు సోమరి కాడు. అతడు దున్నెను, విత్తెను, కోసెను. చివరి వెన్నువరకు తనదేయని మాత్రము అనుకొనలేదు. పొలమునకువలె దినమునకును ఓర విడువవచ్చునని మా తలంపు.

దీని నెట్లు ఆచరింపవలెను? న్యూ హాంప్‌షైర్‌లో లింకన్, కాన్వే అను ఊళ్ల నడుమ కాంకమాగస్ అను కొండదారి కలదు. సుమారు 35 మైళ్లు. ఆగక పోయినయెడల ఒక గంటలో దాటవచ్చును. దారిలో పెట్రోలు దొరకదు గనుక ముందుగా నింపుకొనవలెను, అది వివేకము. తరువాత ఆ గంట దారికి దినమంతయు ఇయ్యవలెను, అది ఓర విడుచుట. వర్జీనియా, నార్త్ కరోలినా కొండలమీద బ్లూ రిడ్జ్ పార్క్‌వే అను మరియొక దారి 469 మైళ్లున్నది. 1935లో పని మొదలై 1987లో పూర్తియైనది. గంటకు 45 మైళ్లకు మించి పోరాదు, సరకుల లారీలకు చోటులేదు. నెమ్మదిగా పోవుటకే కట్టిన దారి అది. దానిని ఒక్క దినములో ముగింపజూచువాడు రోడ్డును చూచునుగాని కొండను చూడడు. అక్టోబరు రెండవ సోమవారపు సెలవునాడు జనసమ్మర్దము మెండు గనుక వేరు దినములు ఏర్పరచుకొనుట మేలు.

ఏర్పాటు ఎంత మంచిదైనను చెదరవచ్చును. 2024 సెప్టెంబరు చివర హెలీన్ అను తుఫాను ఆ బ్లూ రిడ్జ్ కొండలను కొట్టెను. నార్త్ కరోలినాలో నూరుమందికి మించి చనిపోయిరి. కొండచరియలు విరిగిపడి ఆ దారిలో అనేక భాగములు ఆకుల కాలమంతయు మూయబడెను. తమ సెలవును చివరి గంటవరకు కొలిచి పెట్టుకొన్నవానికి అట్టి వార్త విన్నప్పుడు పోయిన సెలవే ముందు కనబడును. ఓర విడిచినవాడు మాత్రము ఇల్లు పోయినవానిని తలంచుటకు తావు గలవాడగును.

పొరుగువాని మాటయు నున్నది. వెర్మాంట్‌లోని పామ్‌ఫ్రెట్ అను చిన్న గ్రామమునకు ఫొటోలకొరకు వచ్చినవారు ఇరుకుదారిలో బండ్లు నిలిపి, పరుల ఆవరణలలో జొరబడుచుండగా, 2023లో ఆ ఊరివారు ఆకుల కాలమున కొన్నివారములు తమ దారులను బయటి బండ్లకు మూసివేసిరి. చెట్టు అందముగా నున్నంత మాత్రమున గట్టు మనది కాదు. తన చేనిలో పరుల గొడ్డు పడిన బాధ ఎరిగిన మనకు దీనిని విశదపరచ నక్కరలేదు.

నిర్గమకాండము 20వ అధ్యాయములో విశ్రాంతిదినము యజమానునికే గాక దాసునికిని, దాసికిని, పశువునకును, ఇంటనున్న పరదేశికిని ఇయ్యబడినది. కాబట్టి మన విశ్రాంతి మరియొకని వీపుమీద బరువు కాకూడదు. సందడిగానున్న ఆ నెలలో బసలలో గదులు తుడుచువారితో మర్యాదగా మాటలాడుడి, గదిని శుభ్రముగా విడిచి పొండి. ప్రైవేటు పనివారికి జీతముతోకూడిన సెలవు ఇచ్చితీరవలెనని ఆ దేశపు కేంద్రచట్టము యజమానులను నిర్బంధింపదు. ఒక్క దినపు సెలవునకైనను నోచుకొనని వారుండగా మనము పొందిన రెండు దినములగూర్చి అతిశయింపరాదు. అప్పుచేసి పోవుటయు విశ్రాంతి కాదు, వడ్డీ ఏ సెలవునాడును ఆగదు.

ఆకులను చూడబోవుట వ్యర్థమాయని అడిగితిమి. దానివలన గింజయైనను ఇల్లు చేరదు, నిజమే. అయినను అడవిపువ్వులను తేరిచూడుమని తన శిష్యులకు చెప్పిన ప్రభువు, చూచుటను పనికిమాలినదిగా ఎంచలేదు. మనము నాటనిదియు, కోయలేనిదియు, అమ్మలేనిదియు నైన మేలును ఊరక అందుకొనుట నేర్వని హృదయము, ఇంట నున్నను దారిలో నున్నను పరుగెత్తుచునే యుండును.

తలిదండ్రులారా, బిడ్డ రమ్మనినప్పుడు ఖర్చు లెక్కించి వాని మనస్సు చిన్నబుచ్చకుడి. రొట్టెలు మూటగట్టుకొని, వెచ్చని శాలువ కప్పుకొని పొండి. బిడ్డలారా, రాత్రివరకు బండి తోలి మీరు అలసిపోకుడి, వారిని తొందరపెట్టకుడి. తండ్రి ఒక రాతిమీద కూర్చుండి ఒకే కొండను గంటసేపు చూచునేని, చూడనియ్యుడి. మిగిలిన మూడు చోట్లు చూడకపోయినను నష్టము లేదు. అవి ఆ దినమునకు మీరు విడిచిన ఓర.