తెడ్డు పిడికి కట్టిన బరువు

మూలవాక్యములు: మార్కు 6:45-52, మత్తయి 11:28-30



శిష్యులు రాత్రివేళ గలిలయ సముద్రముమీద ఎదురుగాలికి తెడ్లు వేయుచు మిక్కిలి ప్రయాసపడిరని మార్కు వ్రాసెను. సాయంకాలమున బయలుదేరినవారు నాలుగవ జాము వచ్చినను, అనగా తెల్లవారుజామున 3 గంటలు దాటినను, దరి చేరలేదు. యోహాను 6:19లోని కొలతనుబట్టి వారు సాగిన దూరము సుమారు 5 కిలోమీటర్లు మాత్రమే. కృత్తివెన్ను తట్టున ఉప్పుటేటిలో ఎదురుగాలికి పడవ నడిపినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఇంజను పడవలు వచ్చినను, ఆ నొప్పి మన పెద్దల భుజములకు ఇంకను జ్ఞాపకమున్నది.

గాలిని గూర్చి మనము అనేకమారులు వింటిమి. ఈ నెల తెడ్డును గూర్చి ధ్యానింతము.

పడవ అంచున కట్టిన పొడుగాటి తెడ్డును చూడుడి. దానిలో కొంచెము భాగమే లోపల, మన చేతివైపు ఉండును. ఎక్కువ భాగము బయట నీటివైపు ఉండును. కాబట్టి పలకను నీటిలోనుండి పైకెత్తి వెనుకకు త్రిప్పునప్పుడెల్ల చేతితో పిడిని క్రిందికి నొక్కి పట్టవలెను. 10 అడుగుల పొడవు, 5 కిలోల బరువు గల తెడ్డు మొదలు చివర ఒకే లావుగా ఉన్నదనుకొనుడి. 3 అడుగులు లోపల, 7 అడుగులు బయట ఉన్నయెడల, పలకను పైకి నిలుపుటకే చేయి మూడు కిలోలకు పైగా నొక్కవలెను. ఒక్కమారుకు అది ఏమంత కాదు. రాత్రియంతయు నొక్కినయెడల భుజము పడిపోవును.

దీనికి పడవవారు కనుగొన్న ఉపాయమేమి? పిడి దగ్గర బరువు కట్టుట. ఆ తెడ్డుకే లోపలివైపున, కట్టుకు రెండున్నర అడుగుల దూరమున 2 కిలోల బరువు కట్టినయెడల చేతి భారము సగమగును. అమెరికా దేశపు కొలరాడో నదివంటి వడిగల నీళ్లలో గాలితో నింపిన రబ్బరు పడవలను నడుపువారును తెడ్ల పిడులవైపు ఇట్లే బరువు చేర్చుకొందురు. మన రైతులు ఏతపు మ్రాను వెనుక రాళ్లు, మట్టిముద్ద కట్టి బావినీళ్లు తోడినదియు ఈ న్యాయమునుబట్టియే. బరువు చేర్చగా పని తేలికయగుచున్నది!

ఇప్పుడు నా తప్పిదమొకటి మీ యెదుట ఒప్పుకొనవలెను. మా సంఘములో ఒక వృద్ధుడు కలడు. చేపలవేట ఆయన వృత్తి. ఏండ్ల తరబడి గుడి గంట కొట్టుచు, ఆదివారము తెల్లవారకముందే గుడి ఊడ్చుచుండెను. ఆయన ఒక్కగానొక్క కుమారుడు చనిపోయినప్పుడు, పెద్దలమును నేనును కూడి ఆలోచించితిమి. “పాపము, ఈ ముసలి ప్రాణమునకు విశ్రాంతి కావలెను” అనుకొని గంట పనిని ఒక యౌవనునికి అప్పగించితిమి. ఆయన పెంచుచున్న మనుమని, నా సలహామీదనే, పొరుగూరి మేనమామ ఇంటికి పంపిరి. మేము కనికరముతోనే చేసితిమి. కాని ఆయనను ఒక్కమాటయైనను అడుగలేదు.

రెండు నెలలలో ఆయన గుడికి వచ్చుట మానెను. అన్నము మానెను. ఒక సాయంకాలము నేను వెళ్లగా, ఏటి గట్టున కూర్చుండి, పాత వలనుండి విప్పిన సీసపు గుండ్లను తెడ్డు పిడికి త్రాటితో చుట్టుచుండెను.

“తాతా, చెయ్యి నొప్పి అంటివి గదా, ఇంకా బరువెందుకు?” అని అడిగితిని.

ఆయన తల ఎత్తకయే, “అయ్యగారూ, చేతికి సాయంగా ఉండాలనే ఈ బరువండి. మీరు నా మీది బరువు తీసేశారు. ఏది నన్ను ముంచే బరువో, ఏది నిలబెట్టే బరువో అడగలేదు” అనెను.

నేను ఆ గట్టుమీద చాలసేపు మాటలేక కూర్చుంటిని. దుఃఖము ఆయన తెడ్డుకు నీటివైపున వ్రేలాడుచుండెను. దానిని నేను తీయలేకపోతిని. దానికి సరితూగుచుండిన గంటను, పసివానిని మాత్రము తీసివేసితిని. అందుచేతనే ఆయన చేయి వాలిపోయెను.

ప్రియులారా, ప్రయాసపడి భారము మోయుచున్నవారిని ప్రభువు పిలిచినప్పుడు ఏమి వాగ్దానము చేసెను? విశ్రాంతి. ఆ వెంటనే ఏమి ఎత్తుకొనుమనెను? తన కాడి. అలసినవానిమీద ఇంకొక కాడియా అని మనకు తోచును. అయితే అది చేతివైపున కట్టిన బరువు. ఒకనికి అది సేవ. ఒకనికి తల్లిలేని బిడ్డ. ఒకనికి రోగి ప్రక్కన మేల్కొనియుండు రాత్రి.

అయినను నాలుగు సంగతులు మరువకుడి.

మొదటిది, ప్రతి బరువు ప్రభువు కట్టినది కాదు. త్రాగుడు, వడ్డీ అప్పు, కట్నపు ఆశ, పాతపగ, ఇవి పలకవైపు బరువులు. హెబ్రీయులకు 12:1 విడిచిపెట్టుమనునది ఇట్టివాటినే. తాము వ్రేలితోనైనను కదల్చని బరువులను పరుల భుజములమీద పెట్టువారిని ప్రభువు మత్తయి 23:4లో గద్దించెను. బీదవానిమీద మోపిన అన్యాయమునకు దేవుని చిత్తమని పేరు పెట్టకుడి.

రెండవది, కొలత కావలెను. పిడివైపు బరువు మితిమీరినయెడల పలక పైకి లేచిపోవును, నీటిని పట్టదు. ఇల్లు, బిడ్డలు మరచిపోవునంత సంఘపు పని ఎవరికిని పెట్టరాదు.

మూడవది, వట్టి కఱ్ఱ తెడ్డు చేజారినను తేలును. చాలినంత సీసము కట్టినది మునుగును. కాబట్టి దానిని పడవకు త్రాటితో కట్టియుంచవలెను. ప్రార్థనయే ఆ త్రాడు. అది లేని సేవకుడు తన సేవతోనే మునుగును.

నాలుగవది, బరువు కట్టినంతమాత్రమున తెడ్డు తానే నడువదు, గాలి తగ్గదు. శిష్యులను ఆ పడవ ఎక్కించి పంపినవాడు యేసే. వారి ప్రయాసను చూచినవాడును, నీళ్లమీద నడిచి వచ్చినవాడును ఆయనే. ఆయన పడవ ఎక్కిన తరువాతనే గాలి అణగెను.

మరుసటి ఆదివారము గంట త్రాడు మరల ఆ వృద్ధుని చేతికి వచ్చెను. మనుమడు ప్రతి శనివారము తాతయొద్దకు వచ్చునట్లు మేనమామ సంతోషముతో ఒప్పుకొనెను. ఆయన దుఃఖము తీరెనని చెప్పను. గంట మాత్రము వేళకు మ్రోగుచున్నది.

ఈ నెలలో మీ ఊరి దుఃఖితునియొద్దకు వెళ్లినప్పుడు, “ఏమి తీసివేయుదుము?” అని మాత్రమే గాక, “నీతో ఏమి ఉంచవలెను?” అనియు అడుగుడి. ఒకని భారము నొకడు భరించుటకు అదియే ఆరంభము.

ప్రార్థన: ప్రభువా, మమ్మును ముంచు బరువులను విప్పుము. మమ్మును నిలుపు బరువును నీ చేతితోనే కట్టుము. మా పడవలోనికి రమ్ము. ఆమేన్.