ఋత అని పిలవాలి

ఇప్పటి తల్లిదండ్రులు బిడ్డకు పేరు వెతికేటప్పుడు, అది ఇంకెవరికీ లేకుండా ఉండాలని చూస్తున్నారు. మా తరంలో ఒక్కో తరగతిలో ముగ్గురు శ్రీనివాసులు ఉండేవారు. ఇంటిపేరు కలిపి పిలిస్తే గానీ ఎవరు పలకాలో తెలిసేది కాదు. అలా పెరిగినవాళ్లు తమ పిల్లలకు అరుదైన పేరు కోరుకుంటే నేను తప్పు పట్టను. నా బిడ్డలాంటి బిడ్డ ఇంకొకరు లేరన్న ప్రేమే అది.

టెక్సాస్‌లో ఉన్న మా మేనకోడలికి స్వాతి మొదటి పాదంలో ఆడపిల్ల పుట్టింది. ఆ పాదానికి అక్షరం 'రూ'. మేమంతా రూప అన్నాం, రుక్మిణి అన్నాం. తను 'ఋత' అంది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వాళ్లు ఏటా పిల్లల పేర్ల జాబితా విడుదల చేస్తారు. ఏడాదిలో ఐదుగురికన్నా తక్కువ మందికి పెట్టిన పేర్లు అందులో ఉండవు. అలాంటి పేరే కావాలని దాని పట్టుదల.

అయితే ఆ పేరును పలికేదెలా? మన నోట ఋకారం 'రు' అవుతుంది. అల్లుడిది భోపాల్, వాళ్లింట్లో అదే అక్షరం 'రి'. ఇంగ్లిష్‌లో రాస్తే ఇంకో చిక్కు. టీ పక్కన హెచ్ పెడితే 'త' అన్నది మన దక్షిణాది అలవాటు. అక్కడివాళ్లు దాన్ని 'రూథా' అని చదువుతారు. హెచ్ తీసేస్తే 'రూటా' అంటారు.

మన బారసాలలో పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పేరు రాసి, తండ్రి బిడ్డ చెవిలో ఆ పేరు చెబుతాడు. అది పదకొండో రోజో ఇరవై ఒకటో రోజో జరుగుతుంది. అంతవరకూ పేరును ఇంట్లో నలుగురూ పిలిచి చూస్తారు, నోరు తిరుగుతుందో లేదో తేలిపోతుంది. అక్కడ మామూలుగా ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే జనన ధ్రువపత్రం కాగితాలు నింపేస్తారు. ఋత విషయంలోనూ అంతే, నాయనమ్మ ఒక్కసారైనా పిలవకముందే అక్షరాలు ఖాయమైపోయాయి.

పేరు అరుదా కాదా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. మనకు వీధికొకరున్న 'కమల' అక్కడ వింత పేరు. కమలా హారిస్ 2019లో వచ్చిన తన ఆత్మకథ మొదట్లోనే తన పేరు ఎలా పలకాలో చెప్పుకోవాల్సి వచ్చింది. 2020 ఎన్నికల సభలో, ఆమెతో పాటు సెనేట్‌లో కూర్చున్న సభ్యుడే ఆ పేరును వంకరలు తిప్పి పలికాడు. మూడేళ్లకు పైగా ఒకే సభలో ఉన్నవాడికి నోరు తిరగలేదంటే నేను నమ్మను.

నోరు తిరగకపోవడం అంటే ఏమిటో మన రాయలసీమలో కనిపిస్తుంది. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో మీద అభిమానంతో అక్కడి రైతులు కొడుకులకు అతని పేరు పెట్టుకున్నారు. స్కాట్లాండ్ పేరు వాళ్ల నోట 'మన్రోలప్ప' అయింది. పలుకు మారింది, అయినా చివరన అప్ప చేరి ఆ పేరు ఇంటి మనిషిదైంది. పేరు ఇలా అరిగితే దానికి లోటేమీ లేదని నా నమ్మకం. వేంకటేశ్వర్లును ఎంకన్నా అని పిలిచిన అవ్వ ఆ పేరును పాడుచేయలేదు. కనుక్కునే ఓపిక లేక నోటికొచ్చినట్టు పిలిచేవాళ్ల మీదే నా కోపమంతా.

ఆ కోపంలో మనవాళ్లకూ వాటా ఉంది. పరాయి దేశం వెళ్లగానే సుబ్రహ్మణ్యాలు 'సబ్' అయిపోతారు, 'మీకెలా వీలైతే అలా పిలవండి' అని వాళ్లే అనేస్తారు. మర్యాద కోసమే అంటారు, కాదనను. కానీ పక్కనున్న పిల్లలు ఆ మాట వింటారు. తమ పేరు ఎదుటివాళ్లకు భారమని వాళ్లకు అనిపిస్తుంది.

అందుకే మేనకోడలికి ఒకటి చెప్పాను. బడిలో చేర్చిన రోజే టీచర్ ఎదురుగా పాప పేరు నిదానంగా రెండుసార్లు పలికి వినిపించు, ఆవిడ చేతా పలికించు, తప్పు పలికితే మొహమాటపడకుండా దిద్దు. ఇంట్లో మా అక్కయ్య 'రుతమ్మా' అంటుంది, వియ్యపురాలు 'రితూ' అంటుంది. వాళ్లను మాత్రం దిద్దొద్దన్నాను.