ఎదలోని దాసోహము

శివశరణులారా! మనము శివదారమున ధరించు లింగకాయ ఎదపై ఏ తావున ఆనియుండునో ఎన్నడైన గమనించితిరా? దాని వెనుక రొమ్ముటెముక. దానికి ఇరుప్రక్కల 12 జతల ప్రక్కటెముకలు. పై 7 జతలు రొమ్ముటెముకకు నేరుగా అతికియుండును. తరువాతి 3 జతలు తమ పైదాని మృదులాస్థి నాశ్రయించును. కడపటి 2 జతలకు ముందువైపు ఆధారమే లేదు. ఈ పంజరమున, ఊపిరితిత్తుల నడుమ, పిడికిలియంత గుండె కొంచెము ఎడమకు ఒరిగియున్నది.

దేహమే దేవాలయమని బసవేశ్వరుడు 12వ శతాబ్దమున బోధించెను. ఆ గుడిలో జరుగు కాయకమును చూడుడు. గుండె దినమునకు సుమారు 1,00,000 మారులు కొట్టుకొనును. దేహములోని రక్తమంతయు దాని గదులగుండనే పోవలెను. అయినను ఆ గదులలోని రక్తముతో అది తన కండరమును పోషించుకొనదు. బృహద్ధమనిలోనికి పంపివేసిన పిదప, దాని మొదట చీలిన రెండు సన్నని ధమనుల ద్వారా, నూటికి సుమారు 5 వంతులు మాత్రమే స్వీకరించును. అదియు చాలవరకు రెండు స్పందనల నడిమి విరామముననే. తక్కినదంతయు దాసోహము! ధాన్యపు కొట్టు తాళపుచెవి చేతనున్నవారు, మఠాధికారులతో సహా, ఈ లెక్కను తలచుకొనవలెను.

ఆ ధమనులు పూడినచో గుండెకే ఆహారము కరవగును. ఎదపై బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకు నొప్పి, చల్లని చెమట, ఇవి దాని మొర. కొందరు పెద్దలు వాయువని సరిపెట్టుకొని, పూజ ముగియువరకు ఓర్చుకొందురు. అట్లు చేయరాదు. లింగమును లింగకాయలో నుంచి తక్షణమే ఆసుపత్రికి పొండు. మిగిలిన పూజ తిరిగివచ్చి చేసికొనవచ్చును.