ఆర్తులను ఆదుకొను విద్య

భగవంతునకు ఆర్తత్రాణపరాయణుడని పేరు. మకరికి చిక్కిన గజేంద్రుని మొర వినినంతనే శ్రీమన్నారాయణుడు పరుగుపరుగున వచ్చిన ఘట్టము పోతనామాత్యుని పుణ్యమున తెలుగువారి ఇండ్లలో ఎల్లరకును తెలిసినదే. కరుణ యనిన ఇట్లుండవలెననియు, ఆపదపాలైనవారికి తోడుపడుటకు మంచి హృదయమొక్కటియే చాలుననియు, అందు నేర్వవలసినదేమి యుండుననియు పలువురు తలంతురు. ఈ తలంపు ఎంతవరకు సమంజసమో విచారింపవలసియున్నది.

గజేంద్రుని కాపాడినవాడు సర్వజ్ఞుడు. ఏ క్షణమున ఏమి చేయవలెనో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. మానవుని కరుణ అట్టిది కాదు. దుర్మార్గుల చేతిలో చెరుపబడి యిల్లు చేరిన బిడ్డను చూచి గుండె చెరువైన అమ్మమ్మ ముందుగా వేడినీళ్లు పెట్టి స్నానము చేయించును. ఆ బట్టలు ఉతికి ఆరవేయును. ప్రేమతోనే చేయును. కాని నేరమును నిరూపింపదగిన సాక్ష్యము ఆ నీళ్లతో పోవును. పొరుగింటి పెద్దమనిషి వచ్చి, "ఆ వేళప్పుడు అక్కడికేల వెళ్లితివమ్మా?" అని యడుగును. ఆయనయు జాలితోనే యడుగును. ఆ బిడ్డకు మాత్రము అది తీర్పువలె వినబడును. ఈ కీడులు దయ లేక జరిగినవి కావు. దయకు విద్య లేక జరిగినవి.

శ్రీమద్వాల్మీకిరామాయణమున అశోకవనఘట్టమును ఈ దృష్టితో మరల చదువవలెను. సీతాదేవి అపహరింపబడినది. రావణుడు రెండు నెలలు గడువు పెట్టి బెదిరించి పోయెను. రాక్షసస్త్రీలు చుట్టుమూగి భయపెట్టుచుండిరి. తన్ను తాను నిందించుకొనుచు ఆ తల్లి ప్రాణములు విడువ నిశ్చయించుకొన్నది. శింశుపావృక్షముపై నున్న హనుమంతుడు సర్వమును ఉన్నదున్నట్లు వినెను. నూరు యోజనముల సముద్రమును దాటివచ్చినవాడు ఒక్క గంతులో ఆమె ముందు వాలవచ్చును. వాలలేదు. మాటాడక మరలిపోయిన ఆమె జీవింపదు. తొందరపడి మాటాడిన ఆమె బెదరి కేకవేయును, రాక్షసులు చుట్టుముట్టుదురు, కార్యము చెడును. పండితునివలె సంస్కృతము పలికిన, వచ్చినవాడు రావణుడే యని ఆమె భ్రమపడవచ్చును. కావున సామాన్యజనుల పలుకులతో, మృదువుగా, చెట్టుచాటునుండియే రామకథను వినిపించెను. నవవ్యాకరణవేత్త యని కీర్తిగాంచినవాడు తన పాండిత్యమును దాచుకొనుట గమనింపదగినది. కన్నీటితో వచ్చినవారి యెదుట చట్టపు సెక్షన్లు ఏకరువు పెట్టువారు దీనిని మరిమరి చదువవలెను.

హనుమ దగ్గరకు వచ్చుకొలది సీతమ్మకు శంకయే పెరిగెను. సన్న్యాసివేషమున వచ్చినవాడే కదా ఆమెను చెరబట్టినది! అట్టి యామె కొత్తవానిని వెంటనే నమ్ముట యెట్లు? హనుమ నొచ్చుకొనలేదు. ఆమె యడిగిన రామలక్షణముల నన్నింటిని ఓపికతో చెప్పి, పిమ్మటనే అంగుళీయకము నిచ్చెను. బంగారులేడిని ఏల కోరితివని ఒక్కమాటయైన అడుగలేదు. లక్ష్మణరేఖ వాల్మీకములో లేదు. తరువాతి కథలలో చేరినది. అపహరించినవానిని విడిచి అపహరింపబడినదాని అడుగు ఎక్కడ పడినదో వెదకుట లోకమునకు ఎంత అలవాటో ఆ గీత చెప్పుచున్నది.

ఇక అన్నింటికంటె కఠినమైన పాఠము తరువాత వచ్చును. వీపుపై ఎక్కించుకొని ఆ క్షణమే రాముని కడకు చేర్చెదనని హనుమ పలికెను. ఆయనకు శక్తి యున్నది, భక్తి యున్నది. సీతమ్మ వలదనెను. నడిసముద్రమున పడిపోవచ్చుననియు, పరపురుషుని తానై తాకననియు, రాముడే వచ్చి రావణుని జయించి తీసికొనిపోవుట తగుననియు కారణములు చెప్పెను. హనుమ ఆ కారణములను మన్నించి, గుర్తుగా చూడామణిని మాత్రము పుచ్చుకొని మరలెను. నేరము చేసినవాడు ఎదుటివారి ఇచ్ఛను తృణీకరించి తన ఇచ్ఛను నెగ్గించుకొనును. సాయమునకు వచ్చినవాడును అదే పని చేసినచో, "కేసు పెట్టి తీరవలెను" అనినను, "పరువుపోవును, ఊరకుండుము" అనినను, ఆ బాధితురాలి ఇచ్ఛ రెండవమారు త్రోసివేయబడినట్లే.

ఈ నియమమునకు ఒక హద్దు కలదు. పసిబిడ్డల విషయమున 2012 నాటి పోక్సో చట్టము, నేరము తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెనని విధించినది. "ఎవరికిని చెప్పను" అని బిడ్డకు మాట ఇచ్చి తప్పుటకంటె, చెప్పవలసియుండునని మొదటనే మెల్లగా తెలుపుట మేలు. దీనిని హృదయము తనంత తాను ఎరుగదు, ఒకరు నేర్పవలెను.

ఈ సంగతి లోకము ఆలస్యముగానైనను గ్రహించినది. 1985లో ఐక్యరాజ్యసమితి నేరబాధితుల న్యాయమునకై చేసిన ప్రకటనలో పోలీసులు, వైద్యులు, న్యాయవిభాగమువారు, సంఘసేవకులు బాధితుల అవసరములను గుర్తించునట్లు శిక్షణ పొందవలెనని చెప్పబడినది. భారతదేశమున 2015 నుండి వెలసిన సఖి కేంద్రములలో వైద్యము, పోలీసుసాయము, న్యాయసలహా, ఓదార్పు, తాత్కాలికవసతి ఒక్కచోటనే లభించును. 2022లో కేంద్రప్రభుత్వము బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ ద్వారా 'స్త్రీ మనోరక్ష' యను పేర ఈ కేంద్రములవారికి శిక్షణ ఆరంభించినది. పోక్సో కేసులలో బిడ్డ వెంట కోర్టువరకు నడచు సహాయకవ్యక్తి యొకరుండుటకు 2020 నాటి నియమావళి వీలు కల్పించినది. 2023లో సుప్రీంకోర్టు వారి నియామకమును, శిక్షణను గూర్చి ఆదేశములిచ్చినది. నేరబాధితులకు ప్రభుత్వపరిహారము ఇచ్చు ఏర్పాటు 2008 నాటి సవరణతో చట్టమున చేరినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోను కొనసాగుచున్నది. అత్యాచారబాధితులకును ఆమ్లదాడికి గురియైనవారికిని ఏ ఆసుపత్రియైనను వెంటనే ఉచితముగా చికిత్స చేయవలెను. ఇవి తెలియనివాని సానుభూతి వాకిటిలోనే ఆగిపోవును.

తొందర ఎప్పుడు పుణ్యమో, నిదానము ఎప్పుడు పుణ్యమో తెలియుటయు ఈ విద్యలోని భాగమే. ఫోనులో మోసగించి వృద్ధుని పింఛనుసొమ్మును కాజేసినచో ఓదార్పుమాటలకు ముందే 1930 సంఖ్యకు ఫోను చేయింపవలెను. ఎంత త్వరపడిన అంతగా ఆ సొమ్ము చేతులు మారక ఆగు అవకాశముండును. అక్కడ గజేంద్రమోక్షపు వేగము కావలెను. గృహహింసకు గురియై 181కు ఫోను చేసి, మాటరాక మౌనముగా నున్న యిల్లాలి యెడల శింశుపావృక్షముపైని నిరీక్షణ కావలెను.

సేవకుని మనస్సునకును గాయము తగులును. దినదినము ఇట్టి కథలు వినువానికి నిద్ర పట్టదు, కోపము వచ్చును, ఇక చాలుననిపించును. హనుమంతునికే తప్పలేదు. సీతమ్మ కానరానపుడు నిస్పృహతో ప్రాణత్యాగమునకు సంకల్పించి, తిరిగి ధైర్యము తెచ్చుకొనెను. లంకను కాల్చిన పిమ్మట, ఆ మంటలలో ఆమెయు దగ్ధమైనదేమో యని తన కోపమును తానే నిందించుకొనెను. ఆమె క్షేమమని చారణుల వలన విని ఊరట చెందెను. అంతటితో మరలక, తానే పోయి కన్నులార చూచిన పిమ్మటనే బయలుదేరెను. ఎవరికై కోపించెనో వారినే ఆ కోపము దహింపగలదను భయము కలిగినవాడే ఈ పనికి తగినవాడు. అందుచేతనే మంచి శిక్షణలో సేవకుడు తన బరువును మరొక అనుభవజ్ఞునితో పంచుకొను ఏర్పాటు తప్పక యుండును.

యుద్ధము ముగిసినది. విజయవార్తతో హనుమ మరల అశోకవనమునకు వచ్చెను. ఇన్నాళ్లు బాధించిన రాక్షసస్త్రీలను వధించుటకు అనుజ్ఞ కోరెను. వారు రాజాజ్ఞకు లోబడి చేసినవారే యని సీతమ్మ నిరాకరించెను. ఆయన విరమించి, రామునకు ఏమి విన్నవింపవలెనని యడిగెను. భర్తను చూడగోరుచున్నానని మాత్రమే ఆమె పలికెను. హనుమంతుడు ఆ మాటను తీసికొని రాముని కడకు పోయెను.