కథ ముందు, ఉంగరం తర్వాత

పోయిన మాఘమాసంలో, కళ్లంలో పసుపు ఉడుకుతుండగా మా బావకు గుండెనొప్పి వచ్చింది. ఆర్మూర్ నుంచి నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయి, దుబాయ్‌లో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేశాను.

ఉగాదికి వద్దామని వాడు అప్పటికే టికెట్ కొనుక్కున్నాడు. తేదీ ముందుకు జరుపుకుంటే చాలు. విమాన కంపెనీ సైటు పాస్‌వర్డ్ అడిగింది. వాడికి గుర్తులేదు. కొత్తది కావాలంటే ఓటీపీ కొట్టమంది. ఓటీపీ పోయేదేమో ఊళ్లో కొన్న సిమ్‌కు. రీఛార్జ్ లేక ఆ నంబరు ఎప్పుడో పోయింది. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే ఖాతాకే తాళం పడింది. రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఏడుపు గొంతు: "మామా, నేను నేనే అని వానికి ఎట్ల చెప్పాలె?"

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "నేనెవరు" అని రమణ మహర్షి విచారించుకోమన్నది లోపలి ప్రశ్న. ఇది ఎదుటివాళ్లకు చెప్పుకోవలసినది. లంకలో హనుమంతుడికి వచ్చిన కష్టం ఇదే.

రాముడి ఉంగరం ఆయన దగ్గరే ఉంది. అయినా ముందు దాన్ని తీయలేదు. శింశుపా వృక్షం మీద నుంచి రామకథ చెప్పాడు. రావణుడే మళ్లీ వేషం మార్చి వచ్చాడేమోనని సీతమ్మ భయపడింది. సన్యాసి వేషానికి ఒకసారి మోసపోయిన తల్లి, ఆ అనుమానం న్యాయమే. రామలక్ష్మణుల గుర్తులు చెప్పమంది. ఆయన చెప్పాడు, ఆమె ఓపిగ్గా వింది. ఉంగరం ఆ తర్వాతే చేతులు మారింది. ఆమె తిరిగి ఆనవాలు పంపినప్పుడూ అంతే: ముందు కాకాసురుడి కథ, ఆఖరున చూడామణి.

అలాగని ముద్ర అక్కర్లేదని నేననను. దొంగలున్న లోకంలో తలుపుకు తాళం ఉండాల్సిందే. కానీ ముద్ర పోగొట్టుకున్నవాడి కథ వినడానికి తలుపు వెనక ఒక మనిషి ఉండాలి. వినేవాళ్లే లేని చోట అడిగే గుర్తింపు ధర్మం కాదు, అది వట్టి అడ్డుగోడ. పసుపు కొనేటప్పుడు మేం బస్తా మీది చీటీ చూసి ఊరుకోం. కొమ్ము తీసి విరుస్తాం. బాగా ఎండినదైతే టక్కున విరుగుతుంది, లోపలి రంగు కనిపిస్తుంది. సరుకుకు చేసే ఆ పాటి విచారణ మనిషికి చేయరా?

వాడు రూములోవాళ్ల దగ్గర అప్పు చేసి వేరే టికెట్ కొన్నాడు. నాలుగోనాడు దవాఖానలో అడుగుపెడితే, ఆక్సిజన్ మాస్కులోంచే బావ గుర్తుపట్టి చెయ్యి చాపాడు. మూడేళ్లలో వాడు సగమయ్యాడు, గడ్డం పెంచాడు. అయినా బావ ఏమీ అడగలేదు.

గల్ఫ్‌కు పోయే పిల్లలకూ, పంపే తల్లిదండ్రులకూ ఒక మాట. ఊరి సిమ్‌ను రీఛార్జ్ చేయిస్తూ బతికించుకోండి. టికెట్ మీది ఆరక్షరాల పీఎన్‌ఆర్‌నూ, పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇంటిపేరునూ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. చాలా కంపెనీల సైట్లలో ఆ రెండూ ఉంటే పాస్‌వర్డ్ లేకుండానే టికెట్ తెరుచుకుంటుంది. ఆ రాత్రి మాకు ఈ సంగతి తెలియదు.