చెరువు ఎవరి కోసం?

చెరువు అందంగా వుండటానికీ, అక్కరకు రావటానికీ మధ్య వైరుధ్యం వున్నదా? పర్యావరణ పర్యాటకాన్ని నిలకడైన అభివృద్ధికి మార్గంగా చూపేవారు ముందుగా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలి.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం పెద్దచెరువునే తీసుకుందాం. అది గోల్కొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలం నాటిదంటారు. పాలకుడి పేరు ఊరికి మిగిలింది. కట్టకు మట్టి మోసినవారి పేర్లు మిగలలేదు. ఆయకట్టు రైతుకు ఆ నీరు వరిపంట; బెస్తవానికి చేపల వేట; గొడ్లకాపరికి వేసవి ఆధారం. ఎగువ కాలువలు ఆక్రమణల పాలై చెరువు ఏళ్లతరబడి ఎండినప్పుడు నష్టపోయింది వీరే. ఎండిన చెరువును చూడటానికి ఎవరూ టిక్కెట్టు కొనరు గదా!

ఆ పాలకుని కాలంలోనే, 1562లో, హుస్సేన్‌సాగర్ కట్టారు. ఒకప్పుడది నగరానికి తాగునీరిచ్చింది. నేడు అందులో పడవలు తిరుగుతున్నాయి, 1992లో నిలిపిన బుద్ధవిగ్రహాన్ని జనం చూసివస్తున్నారు. ఆ నీళ్లు మాత్రం నోట పోసుకోలేరు. చూడటానికి చెరువు మిగిలింది, తాగటానికి మిగలలేదు.

ఐక్యరాజ్యసమితి 2002ను పర్యావరణ పర్యాటక సంవత్సరంగా ప్రకటించింది. ప్రకృతిని కాపాడుతూ స్థానికుల బ్రతుకును మెరుగుపరచటమే దాని ఆశయమన్నారు. ఆశయం మంచిదే. కాని రేపు పెద్దచెరువులో పడవలు తిరగాలంటే నీరు నిండుగా నిలవాలి. యాసంగి వరికి తూము తెరవాలి. తూము తాళం ఎవరి చేతిలో వుంటుంది? సమస్య అంతా ఇక్కడే వున్నది. గట్టు అందానికి ధర కడితే భూమి ధర పెరుగుతుంది. పొలం అమ్ముకున్న రైతు ఆ పొలంలోనే లేచిన విడిదికి కావలివాడౌతాడు. దీన్ని ఉపాధి కల్పన అంటారు!

అలాగని పర్యాటకం వద్దనటం మన వాదం కాదు. వారమంతా యంత్రాల మధ్య నలిగే నగర కార్మికుడికి ఆదివారం ఒక నీటి ఒడ్డు కావాలి. సౌందర్యం ధనికుల సొత్తు కాదు. కాని ఆ ఒడ్డున మొదటి హక్కు పొలానిది, వలది, తర్వాతే పడవది. వచ్చిన రాబడి ముందుగా కాలువల పూడిక తీయటానికి పోవాలి. లెక్క గ్రామసభ ముందు చెప్పాలి.

రాబోయే తరాల పేరు చెప్పి ఈ తరం రైతును ఒడ్డున నిలబెట్టే అభివృద్ధి, ఎంత పచ్చగా కనిపించినా, నిలకడైనది కాదు.